పన్ను పీకిన రాత్రి

మా పళ్ల డాక్టర్ల గొప్ప చెప్పుకోవాలంటే 1844 డిసెంబరు 11తో మొదలుపెడతాం. ఆ రోజు అమెరికాలో, హార్ట్‌ఫర్డ్‌లో, హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు నవ్వు వాయువు పీల్చి, సాటి డాక్టరు జాన్ రిగ్స్ చేత తన పన్నే పీకించుకున్నాడు. నొప్పి తెలియలేదు. 1943లో స్వీడన్‌లో లిడోకెయిన్ తయారయ్యాక కుర్చీలో పడే బాధ దాదాపు తీరిపోయింది. మత్తు దిగాక వచ్చే సలుపు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

1980ల్లో గుంటూరులో నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో, పొద్దున్నే బుగ్గ పట్టుకుని వచ్చేవారు. "పన్నే లేనప్పుడు నొప్పెక్కడిదండీ డాక్టరుగారూ?" లవంగ నూనె దూది పుచ్చుపంటికి సరే, ఎముకదాకా పోయిన గాయానికి ఏం చాలుతుంది? కొందరు ఆస్ప్రిన్ మాత్రని మింగకుండా చిగురుకీ బుగ్గకీ మధ్య అదిమిపెట్టుకునేవారు. నోరు తెరిపిస్తే అక్కడ తెల్లగా ఉడికిపోయి, వేలు తగిలితే పొర ఊడొచ్చేది. ఆస్ప్రిన్ ఆమ్లం మరి! మింగినా చిక్కే. అది రక్తాన్ని సరిగా గడ్డకట్టనివ్వదు; పన్ను పీకిన గుంట మానాలంటే ఆ గడ్డే కావాలి.

ఈ సలుపుకి మందు పళ్లవాళ్లు కనిపెట్టింది కాదు. నాటింగ్‌హామ్‌లో బూట్స్ కంపెనీ శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ ఆడమ్స్ కీళ్లవాతానికని వెతుకుతుంటే ఐబుప్రొఫెన్ దొరికింది. 1969లో బ్రిటన్‌లో డాక్టరు చీటీ మీద అమ్మకానికొచ్చింది. ఇలాంటి మందులు గాయమైనచోట నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారవకుండా ఆపుతాయని 1971లో జాన్ వేన్ తేల్చాడు. సలుపు ముదరనిచ్చి మింగేకంటే మత్తు దిగకముందే మింగమని మేం చెప్పేది అందుకే.

తమాషా ఏమిటంటే, నొప్పి మాత్రల బలం తూచడానికి పరిశోధకులకు జ్ఞానదంతమే కాటా అయింది. వయసులో ఉన్నవాళ్లు, వేరే జబ్బుల్లేవు, అందరిదీ ఇంచుమించు ఒకే గాయం. 1976లో స్టీఫెన్ కూపర్, విలియం బీవర్ ఈ పద్ధతికి ఒక రూపమిచ్చారు. తరవాత్తరవాత మాత్రో ఉత్తుత్తి మాత్రో ఇచ్చి, చేతికి స్టాప్‌వాచీ ఇచ్చేవారు, తగ్గుతోందనిపించగానే నొక్కాలి. ఇలాంటి పరీక్షల్లో ఐబుప్రొఫెన్, పారసిటమాల్ జంట నల్లమందు జాతి మాత్రలకి తీసిపోలేదు. అయినా అమెరికాలో ఏళ్లతరబడి కుర్రాళ్లకి వ్యసనంలోకి లాగే ఆ నల్లమందు జాతి మాత్రలే రాసిచ్చారు. ఏడు రోజులు దాటి రాయకూడదన్న పరిమితిని అక్కడి డెంటల్ అసోసియేషన్ సమర్థించింది 2018లో.

మన దగ్గర ఆ బెడద అంతగా లేదు. మనది వేరే బెడద: ఐబుప్రొఫెన్ వాడకూడని కడుపుపుండువాళ్లూ, కిడ్నీ జబ్బువాళ్లూ నోరు విప్పకుండా, పక్కింటాయన చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో ఆ జంట మాత్రే కొనేసుకుంటారు.