మా ఇంట్లో క్రిస్మస్ నక్షత్రం - ఒక హేతువాది సంజాయిషీ

డిసెంబరు వచ్చిందంటే మా సంఘం మిత్రుల్లో ఎవరో ఒకరు నన్ను నిలదీస్తారు. "వినాయక చవితికి పత్రి తేవు, దసరాకి ఆయుధపూజ చెయ్యవు. మరి క్రిస్మస్‌కి గుమ్మంలో నక్షత్రం ఎందుకు కడతావయ్యా? మైనారిటీ మతమైతే మూఢనమ్మకం కాకుండా పోతుందా?" అని. ప్రశ్న న్యాయమైనదే. ఇన్నేళ్లూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి రాద్దామనిపించింది. ఇందులో కొంత మా ఇంటి గొడవ, కొంత చరిత్ర. రెంటినీ విడదీసి చెప్పడం నా వల్ల కాలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగం దొరికి, విశాఖపట్నం రేవులో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. (2024 సెప్టెంబరులో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. నేను చెప్పేది పాత సంగతి కాబట్టి పాత పేరే రాస్తాను.) ఇక్కడ తెలుగువాళ్లు తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. క్రైస్తవులు నూటికి 21 మంది. మా ఆవిడ టెక్కలి దగ్గరి క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఇంట్లో పూజలుండవు, ప్రార్థనలుండవు అని ముందే అనుకున్నాం. పండగల మాట మాత్రం ఆ ఒప్పందంలో రాలేదు.

పాప పుట్టాక, దానికి నాలుగో ఏడు వచ్చిన డిసెంబరులో మా ఆవిడ వెదురు బద్దలు తెప్పించింది. "ఏవండీ, నక్షత్రం కట్టండి" అంది. నేను ఉపన్యాసం మొదలెట్టాను. డిసెంబరు 25న ఏసు పుట్టాడని బైబిల్లో ఎక్కడా లేదనీ, అది సూర్యదేవుడి పండగనీ, చర్చి దాన్ని కాజేసిందనీ. ఆమె గులాబీ పువ్వుల పిండి కలుపుతూ, "నేనేమైనా తేదీ అడిగానా? నక్షత్రం అడిగాను" అంది.

ఆ ఉపన్యాసం గురించి ఒక మాట చెప్పాలి. మన హేతువాదులం ఈ 'సూర్యుడి పండగ' వాదాన్ని చాలా ధీమాగా వాడేస్తుంటాం. తర్వాత నేను కాస్త చదివి చూస్తే అంత ధీమాకి ఆధారం కనిపించలేదు. ఏసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదన్నది నిజమే. కానీ డిసెంబరు 25న సూర్యదేవుడి పండగ ఉందని చెప్పే గట్టి ఆధారం క్రీ.శ. 354 నాటి రోము పంచాంగం. క్రైస్తవులు ఆ రోజున పండగ చేశారని చెప్పే తొలి ఆధారం కూడా అదే గ్రంథంలో ఉంది! ఎవరు ఎవరిని చూసి పెట్టుకున్నారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఎదుటివాడి నమ్మకాన్ని ఆధారం అడిగేవాళ్లం, మన నమ్మకాన్నీ అడగొద్దా?

అసలు నాకు పనికొచ్చిన చరిత్ర వేరే ఉంది. ఇంట్లో పిల్లల కోసం జరుపుకునే ఈ క్రిస్మస్ అంత పాతది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ని రద్దు చేసింది. చేసింది నాస్తికులు కాదు, పరమ నిష్ఠాగరిష్ఠులైన ప్యూరిటన్ క్రైస్తవులు! అమెరికాలో మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ జరిపితే ఐదు షిల్లింగుల జరిమానా. స్కాట్లండులో 1958 దాకా ఆ రోజు సెలవే లేదు. ఎందుకంటే అప్పట్లో క్రిస్మస్ అంటే వీధుల్లో తాగి తందనాలాడే పెద్దవాళ్ల పండగ. దాన్ని వీధిలోంచి ఇంట్లోకి, పెద్దల చేతిలోంచి పిల్లల చేతికి మార్చింది 19వ శతాబ్దం. 1843లో డికెన్స్ కథ, అదే ఏడాది హెన్రీ కోల్ అచ్చు వేయించిన తొలి క్రిస్మస్ కార్డు, 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ పత్రికలో రావడం... ఇలా ముప్పై నలభై ఏళ్లలో తయారైన 'సనాతన సంప్రదాయం' ఇది.

క్రిస్మస్ తాతనైతే చర్చి కూడా అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. 1951 డిసెంబరు 23న ఫ్రాన్సులోని డిజాన్ నగరంలో, పెద్ద చర్చి ముందు, కొన్ని వందల మంది పిల్లలు చూస్తుండగా మతాధికారుల ఆమోదంతో క్రిస్మస్ తాత దిష్టిబొమ్మని తగలబెట్టారు. మన వీధుల్లో దిష్టిబొమ్మలు తగలడటం చూసిన కళ్లకి వింతేం కాదు గానీ, పాపం, ఆ పిల్లల సంగతి ఆలోచించండి. ఈ ఉదంతం మీద లెవీ స్ట్రాస్ అనే మానవశాస్త్రవేత్త మరుసటి ఏడాదే ఒక వ్యాసం రాశాడు.

ఇక నక్షత్రం సంగతి. ఇది నాకు బాగా నచ్చిన కథ. జర్మనీలో మొరేవియన్ సోదరులు అనే ఒక క్రైస్తవ శాఖ ఉంది. 19వ శతాబ్దం తొలి భాగంలో నీస్కీ అనే ఊళ్లోని వాళ్ల బడిలో, రేఖాగణితం పాఠంలో భాగంగా పిల్లల చేత కాగితంతో ముళ్ల ముళ్ల నక్షత్రాలు చేయించారు. ఆ లెక్కల పాఠమే బడి దాటి ఇళ్లకి పాకి, ఆ శతాబ్దం చివరికి ఫ్యాక్టరీ సరుకైంది. క్రిస్మస్‌కి పిల్లల చేతిలో వెలిగే కొవ్వొత్తి పెట్టే ఆచారం కూడా 1747లో వాళ్ల సమాజంలోనే మొదలైంది. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఆ మొరేవియన్లే 1768లో మన నికోబార్‌కి వచ్చారు. అప్పట్లో ఈ దీవుల మీద హక్కు మాదే అనేవాళ్లు డేన్లు, తరంగంబాడి కోట నుంచి. వచ్చినవాళ్లలో చాలామందిని నాన్‌కౌరీ జ్వరాలు తినేశాయి. దాదాపు ఇరవై ఏళ్లు ప్రార్థించినా క్రైస్తవ మతం అక్కడ వేళ్లూనలేదు. 1787లో వెళ్లిపోయారు. దోమకి భక్తుడెవడో, కానివాడెవడో తెలియదు.

రేఖాగణితం అని తెలిశాక నాకు కట్టడానికి అభ్యంతరం లేకపోయింది! పాపని పక్కన కూర్చోబెట్టుకుని కట్టాం. ఒక్కొక్కటి మీటరు పొడవున్న ఐదు బద్దలు. ప్రతి బద్ద మీదా 38.2 సెంటీమీటర్ల దగ్గర ఒక గీత, 61.8 దగ్గర ఒక గీత. ఆ గీతల దగ్గరే బద్దలు ఒకదాన్నొకటి దాటాలి. కొసల్లో కోణం 36 డిగ్రీలు. అయిదు కొసలూ కలిపితే 180, త్రిభుజంలాగే. ఇలాంటివి రెండు చట్రాలు చేసి, కొసల దగ్గర కలిపి కట్టి, లోపల అవి దాటుకునే అయిదు చోట్లా చిన్న పుల్లలు అడ్డం పెడితే నక్షత్రం ఉబ్బుతుంది. రంగు కాగితం అంటించి లోపల బల్బు పెట్టాలి. మా పాప ఏడో తరగతిలో కోణాలు నేర్చుకోకముందే ఈ లెక్క నోటికి చెప్పేది.

క్రిస్మస్ తాత దగ్గర మాత్రం మాకు పెద్ద గొడవే అయింది. పిల్లకి అబద్ధం చెప్పకూడదని నేను. "చెప్పొద్దు, కాదనొద్దు, అదే కనుక్కుంటుంది" అని ఆవిడ. నేను మొండిగా, "ఆ తాత ఉత్త వేషం" అని ఒకరోజు పాపకి చెప్పేశాను. అది నమ్మలేదు! నాన్నకి ఏదీ నమ్మకం ఉండదని దానికి అప్పటికే తెలుసు. ఆ మరుసటేడు సెమీ క్రిస్మస్ రాత్రి పాటల బృందంతో వచ్చిన తాత ఎర్ర అంగీ, దూది గడ్డం, చాక్లెట్లు, అంతా బాగానే ఉంది. పాప మాత్రం కిందికే చూస్తోంది. తాత వెళ్లాక నెమ్మదిగా వచ్చి, "నాన్నా, తాత హవాయి చెప్పుకి పిన్నీసు పెట్టుంది. బాబాయి చెప్పుకీ అక్కడే ఉంది" అంది. నేను చెప్పిన నిజం దానికి పట్టలేదు, తాను పట్టుకున్న పిన్నీసు పట్టింది. మా ఆవిడ ఏమీ అనలేదు, గులాబీ పువ్వుల పళ్లెం నా ముందుకి జరిపింది, అంతే.

2004 క్రిస్మస్‌కి పాపకి తొమ్మిదేళ్లు. మరునాడు ఆదివారం, ఉదయం ఆరున్నర కావొస్తుండగా మంచాలు ఊగాయి. గుమ్మంలో నక్షత్రం గడియారం లోలకంలా ఊగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో మేం బతికాం. కార్ నికోబార్‌లో భూమి ఊగిన కొద్ది నిమిషాల్లోనే అలలు వచ్చిపడ్డాయి. అది బల్లపరుపు పగడపు దీవి, ఊళ్లన్నీ ఒడ్డునే. ముందురోజు రాత్రి క్రిస్మస్ పాటలు, విందు. అధికారిక లెక్కల్లోనే ఈ దీవులన్నిట్లో చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 3,500 దాకా ఉన్నారు.

కార్ నికోబార్ క్రిస్మస్ గురించి కొంచెం చెప్పాలి. అక్కడ చర్చి వేళ్లూనింది 1890ల తర్వాత, సోలమన్ అనే తమిళ ఉపదేశకుడి బడి ద్వారా. ఆయన చదువుకి బర్మా పంపిన హా చెవ్ కా అనే నికోబారీ కుర్రాడే తర్వాత జాన్ రిచర్డ్‌సన్. బైబిలుని నికోబారీలోకి తెచ్చాడు, దీవికి ఫుట్‌బాల్ నేర్పాడు, జపాను ఆక్రమణలో చావు తప్పించుకున్నాడు, 1950లో బిషప్ అయ్యాడు, మొదటి లోక్‌సభలో నామినేటెడ్ సభ్యుడు. ఆయన మతంతో నాకు పేచీ ఉంది గానీ, తన భాషకి పుస్తకం ఇచ్చినవాడిని కాదనలేను. నికోబారీలు తుహెత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబాలుగా ఉంటారు. పందుల విందు వాళ్లకి క్రైస్తవం కంటే ఎంతో పాతది. కొత్త పండగలోకి ఆ పాత విందు, మొగలి జాతి పండు ముద్ద, కొబ్బరి అన్నీ నడిచి వచ్చాయి. (1972 ఆగస్టు 15న విజయవాడలో గోరా గారు గొడ్డుమాంసం, పందిమాంసం స్నేహవిందు పెడితే ఎంత గొడవైందో మన పెద్దలకి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ అది మామూలు భోజనం.)

సునామీ తర్వాత పోర్ట్ బ్లెయిర్ శిబిరాలకి వచ్చిన కుటుంబాల్లో ఒకటి మాకు దగ్గరైంది. వాళ్ల కుర్రాడికి ఎనిమిదేళ్లుంటాయి. 2005 డిసెంబరులో మా ఇంటికొచ్చాడు. ఆ ఏడాది నక్షత్రం కట్టాలా వద్దా అని మేమే తటపటాయిస్తున్నాం. వాడు బద్దలు చూసి, హిందీలో, చాలా నెమ్మదిగా అడిగాడు: "ఆ రాత్రి పాట మధ్యలో నేనూ మా తమ్ముడూ నవ్వాం. అందుకే నీళ్లొచ్చాయా?" అని.

ఎవరో పెద్దమనిషి శిబిరంలో చెప్పాడట, పాపానికి శిక్ష అని. అదే వారం వేళాంగణ్ణిలో ఎత్తున ఉన్న చర్చి మునగకపోతే మహత్యం అన్నారు. ఆ ఒడ్డునే వందలమంది యాత్రికులు పోయారు, వాళ్లది ఏ లెక్కలోకి వస్తుందో మరి. వాదించడానికి నా దగ్గర మాటలు బోలెడున్నాయి. కానీ ఎదురుగా ఉన్నది ఎనిమిదేళ్ల పిల్లవాడు. వాడి తమ్ముడు లేడు.

నక్షత్రానికి తెచ్చిన అట్టముక్కలు రెండు తీసి, ఒకదాని కిందికి ఇంకోదాన్ని నెట్టి చూపించాను. పైది వంగి, వంగి, టప్పున లేచింది. సముద్రం కింద భూమి ఇలాగే, వెయ్యి కిలోమీటర్లకి పైగా పొడవున లేచిందని చెప్పాను. తర్వాత ఇంకోటి చెప్పాను. 1881 డిసెంబరు 31న కూడా మీ దీవి పక్కనే పెద్ద భూకంపం వచ్చింది, అలలు బంగాళాఖాతం చుట్టూ కొలతల్లో నమోదయ్యాయి. అవి ఇంత పెద్దవి కావు, ఒక మీటరు స్థాయివి. అప్పటికి మీ ఊళ్లో చర్చి లేదు, క్రిస్మస్ పాటలు లేవు, నవ్వడానికి నువ్వూ లేవు. అయినా వచ్చింది. వాడు చాలాసేపు అట్టముక్కలు నెడుతూ కూర్చున్నాడు. "మళ్లీ వస్తుందా?" అన్నాడు. రావచ్చు, ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, నేల చాలాసేపు ఊగితే ఎవరి మాటా వినకుండా లోపలికి పరుగెత్తు అన్నాను. రాదని చెప్పి ఊరడించొచ్చు. చెప్పలేదు. ఆ తర్వాత వాడే బద్దల మీద గీతలు గీశాడు.

2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హెచ్చరిక అందింది. జనం ఒడ్డు వదిలారు. పెద్ద అల రాలేదు. సాయంత్రం కార్ నికోబార్ నుంచి ఫోన్. గొంతు మారిపోయి ఉంది, ముందు పోల్చుకోలేకపోయాను. "అంకుల్, నేల ఊగింది, అందర్నీ తీసుకుని లోపలికి వెళ్లాం. ముసలమ్మ రానంది, మోసుకెళ్లాను" అన్నాడు.

మా పాప ఇప్పుడు హైదరాబాదులో ఉంటోంది. దానికో కూతురు, నాలుగేళ్లు. మొన్న వీడియో కాల్‌లో ఆ పిల్ల, క్రిస్మస్ తాత అండమాన్‌కి ఓడలో వస్తాడా, విమానంలో వస్తాడా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా పాప వెనకనుంచి, "నాన్నా, చెప్పుల సంగతి చెప్పొద్దు" అంది.