కల్యాణ వేదిక ఎంపిక: గంజాం తీరం నుండి పర్లాకిమిడి దాకా

వివాహం నిశ్చయమైన పిమ్మట ఇరు కుటుంబాలు కలిసి తీసుకొనవలసిన మొదటి పెద్ద నిర్ణయం కల్యాణ వేదిక. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలలోను, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలోను నివసించే తెలుగు కుటుంబాలకు ఈ నిర్ణయం మరికొంత చిక్కైనది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండుగా చీలినది. బరంపురం, పర్లాకిమిడి అటు చేరగా, ఇచ్ఛాపురం, టెక్కలి ఇటు నిలిచిపోయినవి. బంధుత్వాలు మాత్రం చీలలేదు. వధువు ఇల్లు ఒక రాష్ట్రంలో, వరుని ఇల్లు మరొక రాష్ట్రంలో ఉండుట నేటికీ ఇక్కడ సాధారణమే.

ఈ ప్రాంతానికి ఒకవైపు సముద్రం, మరొకవైపు తూర్పు కనుమలు. తీరం, పట్టణం, దేవాలయం, ఇంటి ముంగిట పందిరి అను నాలుగు మార్గాలు అందుబాటులో ఉన్నవి. వీటిలో దేనినైనను అందాన్ని బట్టి కాక మూడు ప్రశ్నలను బట్టి పరిశీలించుట మేలు. ముహూర్త సమయానికి వృద్ధులతో సహా అందరూ చేరగలరా? వాన వచ్చినా కార్యం సాగుతుందా? భోజనాలు ముగిసిన వారు క్షేమంగా ఇళ్ళకు పోగలరా?

ముహూర్తం, ఋతువు

మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ, కార్తిక, మార్గశిర మాసాలలో తెలుగువారి వివాహాలు విరివిగా జరుగుతవి. అధికమాసం, మూఢం వచ్చిన సంవత్సరాలలో ముహూర్తాలు తగ్గిపోయి, ఉన్న కొద్ది రోజులకే మండపాలన్నింటికీ గిరాకీ పెరుగుతుంది. తెలుగు పంచాంగంలో మాసం అమావాస్యతో ముగియగా, ఒడియా పంచాంగపు చాంద్రమాసం పౌర్ణమితో ముగుస్తుంది. కార్తిక పౌర్ణమి తరువాతి బహుళ పక్షం తెలుగువారికి కార్తికమే, ఒడియావారికి మార్గశిరం. కావున బరంపురం వంటి పట్టణంలో మండపం కోరువారు రెండు పంచాంగాల ముహూర్తాలను సరిచూచుకొనుట అవసరం. ఒడియా కుటుంబాల ముహూర్తం అదే రోజున పడినచో మండపంతో పాటు వంటవారు, వాహనాలు, బసగదులు కూడ దొరకుట కష్టమే.

వాతావరణం ఇంతకంటె ముఖ్యం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ సమీపాన, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటినవి. వేసవి కూడ పూర్తిగా నిరపాయం కాదు. 2019 మే 3న ఫణి తుపాను పూరీ వద్ద తీరం దాటినది. శ్రావణ ముహూర్తమైతే వర్షాన్ని, వైశాఖ ముహూర్తమైతే ఎండను, కార్తిక ముహూర్తమైతే తుపానును దృష్టిలో ఉంచుకొని వేదికను నిర్ణయించవలెను.

తీరప్రాంతపు వేదికలు

బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్న గోపాలపూర్ ఈ ప్రాంతంలో ప్రసిద్ధ సముద్రతీరం. ఇటీవలి కాలంలో ఇసుక మీద, లేదా తీరపు హోటళ్ళ పచ్చికబయళ్ళలో వివాహం జరిపించవలెనని యువతరం ముచ్చట పడుతున్నది. ముచ్చటను కాదనవలసిన పని లేదు గాని కొన్ని సంగతులు ముందే తెలిసికొనుట మంచిది.

సముద్రపు గాలికి హోమాగ్ని నిలువదు, దీపాలు ఆరిపోతవి, షామియానా గుంజలు ఇసుకలో పట్టు తప్పుతవి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఇసుకలో నడువలేరు. తీరం వెంబడి బోరునీరు ఉప్పగా ఉన్నచోట పప్పు సరిగా ఉడకదు. వంటకు మంచినీటి ట్యాంకరు ఎవరు తెప్పించవలెనో ముందుగానే తేల్చుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యంగా, గాలివాన వచ్చినచో కార్యాన్ని తక్షణం మార్చుటకు అదే ఆవరణలో పైకప్పున్న హాలు ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో ఆ వేదికను విడిచిపెట్టుటే వివేకం.

గంజాం తీరానికి మరొక ప్రత్యేకత ఉన్నది. ఋషికుల్య నది ముఖద్వారం వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సామాన్యంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో వేల సంఖ్యలో ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతవి. దాదాపు ఏడు వారాలకు పిల్లలు బయటికి వచ్చి, సముద్రం మీది వెలుగును గుర్తుపట్టి నీటిలోనికి చేరుకొంటవి. ఒడ్డున పెద్ద దీపాలుంటే దారి తప్పి నేలవైపు నడచి చనిపోతవి. మాఘ ఫాల్గుణ ముహూర్తాలు సరిగా ఈ కాలంలోనే వస్తవి. అక్కడికి సమీపాన ఇసుకమీద రాత్రి విద్యుద్దీపాలతో వేడుక తలపెట్టకుండుట ధర్మం.

పట్టణ మండపాలు

బరంపురం, పలాస, శ్రీకాకుళం వంటి పట్టణాలలో కల్యాణ మండపాలు అనేకం. ఒడిశా పట్టణాలలో పురపాలక సంస్థలు నడిపే కల్యాణ మండపాలకు అద్దె సాధారణంగా ప్రైవేటువాటికంటె తక్కువ. మండపాన్ని పగటిపూట ఒకసారి, రాత్రిపూట మరొకసారి చూచుట మంచిది. వీధిలో వాహనాలు నిలుపు చోటు, జనరేటరు, స్త్రీల గదులు, మరుగుదొడ్లు, గాడిపొయ్యికి వీలైన వంటశాల, ఎంగిలి ఆకులను తొలగించు ఏర్పాటు స్వయంగా పరిశీలించవలెను. శీతలీకరించిన హాళ్ళలో కొన్నింట హోమానికి అనుమతి ఉండదు. సొమ్ము చెల్లించకమునుపే ఈ సంగతి అడుగవలెను. మగపెళ్ళివారి విడిది మండపానికి నడచిపోగల దూరంలో ఉన్నచో ఎదురుకోలు మొదలు అప్పగింతల వరకు అన్నీ సమయానికి సాగుతవి.

దేవాలయాలు, ఇంటి పందిరి

దేవుని సన్నిధిలో నిరాడంబరంగా జరుపదలచిన వారు కాకినాడ జిల్లాలోని అన్నవరం, విశాఖపట్నం వద్ద సింహాచలం వంటి క్షేత్రాలను ఆశ్రయిస్తారు. ఖర్చు తక్కువ, అతిథుల సంఖ్య కూడ సహజంగానే తగ్గుతుంది. ముహూర్త దినాలలో ఒకే ఆవరణలో అనేక వివాహాలు జరుగును గనుక తొందర తప్పదు. వధువుకు 18, వరునికి 21 సంవత్సరాలు నిండినట్లు ధ్రువపత్రాలు వెంట ఉంచుకొనవలెను.

పర్లాకిమిడి, పాతపట్నం పరిసర గ్రామాలలో ఇంటి ముంగిట తాటాకు పందిరి వేసి వివాహం చేయు ఆచారం ఇంకను నిలిచి ఉన్నది. కొన్ని కులాలలో వివాహం వరుని ఇంటనే జరుగుతుంది. పందిరికి అద్దె లేదు, అరుంధతీ దర్శనానికి ఆరుబయలు ఉన్నది, ఊరంతా చేయూతనిస్తుంది. అయితే దూరపు అతిథులకు బస, రాత్రివేళ కొండదారి ప్రయాణం సమస్యలు. వర్షాకాలంలో ఇది మరింత జాగ్రత్త కోరుతుంది.

రాకపోకలు

హౌరా-చెన్నై ప్రధాన రైలుమార్గంలో బరంపురం, పలాస, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లు బంధువులకు అనుకూలం. ఇచ్ఛాపురం, సోంపేట వంటి స్టేషన్లలో అన్ని ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉన్నది గాని శ్రీకాకుళం పట్టణంలో లేదు. ఈ సంగతి శుభలేఖలో వ్రాయుట కొత్తవారికి మేలు. నౌపడ నుండి పర్లాకిమిడి మీదుగా గుణుపురం పోవు పాత నారోగేజి మార్గం 2011 నాటికి బ్రాడ్‌గేజిగా మారినను, దానిపై రైళ్ళు తక్కువ. అద్దె బస్సు సరిహద్దు దాటవలసి ఉన్నచో రెండవ రాష్ట్రంలో చెల్లే పర్మిట్ ఉన్నదో లేదో యజమానిని ముందే అడుగవలెను.

రాత్రి ముహూర్తాలు

తెలుగువారి ముహూర్తాలు తరచు అర్ధరాత్రి దాటిన పిమ్మట వస్తవి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు, వాయిద్యాలు నిషిద్ధం. తలుపులు మూసిన కల్యాణ మండపం లోపల వరకే వినియోగించుకొనవచ్చు. రెండు గంటల ముహూర్తానికి తీరాన మేళం పెట్టదలచినవారు ఈ నియమాన్ని గుర్తుంచుకొనవలెను. ఊరేగింపును పదిలోపే ముగించుట ఉభయతారకం.

ఒప్పందం, నమోదు

మాటమీద నమ్మక, వ్రాతపూర్వకమైన రశీదు తీసుకొనవలెను. అద్దె ఎన్ని గంటలకు, విద్యుత్తు, డీజిలు, శుభ్రపరచు ఖర్చు, జీఎస్టీ అందులో చేరినవా, తుపాను హెచ్చరిక వలన కార్యం వాయిదా పడినచో అడ్వాన్సు తిరిగి ఇస్తారా, లేక మరొక తేదీకి మారుస్తారా అను అంశాలు అందులో స్పష్టంగా ఉండవలెను. తుపాను తీరంలో ఈ చివరి షరతే ఎక్కువ సొమ్మును కాపాడుతుంది.

వివాహాల నమోదు తప్పనిసరి కావలెనని సుప్రీంకోర్టు 2006లో అన్ని రాష్ట్రాలను ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు 2002 నాటి చట్టమే ఉన్నది. ఏ కార్యాలయంలో నమోదు చేయించవలెనన్నది వివాహం జరిగిన చోటును బట్టి కూడ మారవచ్చును. రెండు రాష్ట్రాల దరఖాస్తులు, అధికారులు వేర్వేరు. కావున వేదిక సరిహద్దుకు ఏ వైపున ఉన్నదో గమనించి, ఆ వైపు కార్యాలయంలో కావలసిన పత్రాలేవో వివాహానికి ముందే విచారించవలెను. మండపం రశీదును వధూవరుల పేర్లతో వ్రాయించి, శుభలేఖతోను ఛాయాచిత్రాలతోను కలిపి భద్రపరచినచో, రేపు పాస్‌పోర్టుకైనను, ఆస్తి వ్యవహారానికైనను వివాహం ఎక్కడ, ఏనాడు జరిగినదో నిరూపించుటకు అవి అక్కరకు వస్తవి.