ఇంజిన్‌కేం, బానే ఉంది!

మంఖాల్ దగ్గర శ్రీశైలం రోడ్డు పక్కన లారీ ఆగి ఉంటే ఒక్కసారి వంగి దాని కింద చూడండి. ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బిగించిన ఉక్కు పట్టీలు కనిపిస్తాయి. మెకానిక్కుల మాటల్లో అవి కమాన్ పట్టీలు. అటు శంషాబాద్ విమానాశ్రయం వైపు దూసుకుపోయే కార్లలో ఇవి దాదాపు లేవు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు మాత్రం ఉన్నాయి. నిజాం రాజ్యంలో తిరిగిన తొలి సర్కారు బస్సులకూ ఉండేవి. అంటే రాజుగారి బండికీ రాళ్ల లారీకీ బరువు మోసే పద్ధతి ఒక్కటే.

ఆ బస్సులు రోడ్డెక్కింది 1932 జూన్ 15న. నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా శాఖ అని ఒకటి పెట్టి, 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు. రైలు పెట్టెల కిందా ఇలాంటి కమాన్లే కనుక రైల్వేవాళ్లకు ఆ విద్య కొత్తేమీ కాదు. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి ‘దక్కన్ క్వీన్’ పేరుతో ఆర్టీసీ దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆల్బియన్ కంపెనీది స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం. 1951లో లేలాండ్ దాన్ని కొనేసింది. అదే ఏడాది నవంబర్ 1న మన బస్సులు రైల్వే చేతుల్లోంచి హైదరాబాద్ ప్రభుత్వానికి వచ్చాయి. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ పుట్టింది. బోర్డులు ఎన్నిసార్లు మారినా బస్సు కింద పడుకున్న మనిషి పని మారలేదు.

నిజానికి ఈ సామానంతా మోటారు కంటే పాతది. ఇంగ్లండ్‌లో ఒబడయా ఇలియట్ గుర్రపు బండ్లకు ఉక్కు పట్టీల స్ప్రింగులు అమర్చింది 1804 ప్రాంతంలో. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ కోణం తిరగాలన్న లెక్క తేల్చింది మ్యూనిక్‌లో బండ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్, 1817లో. మరుసటి ఏడాది లండన్‌లో అతని తరఫున పేటెంట్ తీసుకున్న ఆకర్‌మన్‌కే పేరంతా దక్కింది. స్టీరింగ్ పాఠాల్లో ఇవాళ్టికీ ఆయన పేరే. చేసినవాడిది కష్టం, కాగితం రాయించినవాడిది కీర్తి!

పాత బండి కొనేవాళ్లు ముందు బానెట్ ఎత్తుతారు. ఇంజిన్ చప్పుడు విని తలాడిస్తారు. అసలు బండి వయసు తెలిసేది ముందు చక్రం దగ్గర. ఆల్బియన్‌లోనైనా ఇవాళ్టి లారీలోనైనా ముందు యాక్సిల్ చివర నిలువుగా ఒక లావాటి ఉక్కు పిన్ను ఉంటుంది. అదే కింగ్‌పిన్. చక్రం తిరిగేది దాని చుట్టూనే. పైనా కిందా రెండు బుష్‌లు, బండి బరువు ఆనడానికి ఒక బేరింగు. గ్రీజు అందకపోతే పిన్ను కంటే ముందు బుష్‌లు అరుగుతాయి. అప్పుడు స్టీరింగ్‌లో ప్లే వస్తుంది, ఒక వేగం దాటగానే చక్రం కొట్టుకుంటుంది. డ్రైవరు ‘వొబ్లింగ్’ అంటాడు, ఓనరు టైర్లను తిడతాడు.

కనిపెట్టే పద్ధతి సులువు. జాకీ వేసి చక్రం నేల వదిలేలా ఎత్తాలి. ఒక చెయ్యి టైరు పైన, ఒకటి కింద పెట్టి లోపలికీ బయటికీ ఊపాలి. టకటకమంటే ఏదో లూజు ఉన్నట్టే. ఏది? పక్కనున్న కుర్రాణ్ణి బ్రేకు తొక్కమంటారు. తొక్కగానే ఊపు ఆగిపోతే తప్పు చక్రం బేరింగుది. తొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్‌ది. ఏ స్కానరూ అక్కర్లేని పరీక్ష ఇది. ఆ తర్వాతిదే ఓపిక పని. పాత బుష్‌లు కొట్టి తీసి, కొత్తవి ఎక్కించి, పైదీ కిందిదీ ఒకే వరుసలో వచ్చేలా రీమర్‌తో లోపల తీర్చాలి. పిన్ను గట్టిగా పట్టకూడదు, లూజుగా జారకూడదు. గ్రీజు కొట్టేటప్పుడు కూడా చక్రం పైకెత్తే కొట్టాలి. బండి బరువు మీద ఉంటే, అరుగుతున్న వైపుకే గ్రీజు సరిగా చేరదు. నిప్పుల్‌లోకి గన్ను పెట్టి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది తొంగిచూసేదాకా కొట్టడమే లెక్క.

కమాన్ పట్టీలది ఇంకో తంతు. మెయిన్ పట్టీ ఒక చివర ఛాసిస్‌కు కదలకుండా ఉంటుంది, రెండో చివర షాకిల్ అనే ఊగే లంకెకు వేలాడుతుంది. బరువు పడితే వంపు తగ్గి పట్టీ బారు పెరుగుతుంది కాబట్టి ఆ ఊగే సందు కావాలి. పట్టీల కట్టను కలిపి ఉంచేది సెంటర్ బోల్టు, యాక్సిల్‌కు అదిమి పట్టేది యూ బోల్టులు. యూ బోల్టు వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది. యాక్సిల్ ఒక పక్కకు జరిగిపోతుంది, బండి రోడ్డు మీద పీతలా పక్కవాటుగా నడుస్తుంది. కొత్త పట్టీలు వేయించాక కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి యూ బోల్టులు మళ్లీ బిగించుకోవాలనేది అందుకే. ఈ మాట చెప్పే మెకానిక్కులు ఎక్కువే, వినే ఓనర్లే తక్కువ.

సర్కారు కొలువంటే అంబాసిడర్ కారే గుర్తొచ్చిన తరం ఒకటుంది. 1950ల చివర బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలై 2014 మేలో ఆగిపోయిన ఆ కారుకు మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్. వెనక మామూలు కమాన్ పట్టీలే. ముందు మాత్రం టార్షన్ బార్, అంటే వంగడానికి బదులు మెలితిరిగి బరువు మోసే పొడవాటి ఉక్కు కడ్డీ. ముందు భాగం కుంగితే కడ్డీ మార్చకుండానే దాని పళ్ల అమరికను జరిపి ఎత్తు సరిచేసేవారు. కుడి కడ్డీని ఎడమకు వేయడం మాత్రం కూడదు. ఏళ్ల తరబడి ఒక వైపుకే మెలితిరిగిన ఉక్కును ఎదురు తిప్పితే విరుగుతుంది. తెలియని చేతులు విప్పిన పాత కార్లలో ముందుగా చూడాల్సింది ఇదే.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకుంది, తర్వాత ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఈ చుట్టుపక్కల తిరిగే కార్లూ మారాయి. వాటిలో కింగ్‌పిన్ చోట ఉండే బాల్ జాయింట్లు సీలు వేసి వస్తున్నాయి, గ్రీజు నిప్పుల్ లేదు. రబ్బరు తొడుగు చిరిగి లోపలికి మట్టి చేరితే జాయింటే మార్చాలి. సుఖమే, కాదనను. కానీ పాతవాళ్లు ఇది అరుగుతుందని ఒప్పుకుని, నూనె పోసే దారి ముందే పెట్టి బండి చేశారు. కొత్తవాళ్లు అరిగాక పారేయమంటున్నారు. వందేళ్ల బండి ఇంకా కదలగలగడానికి ఆ ఒప్పుకోలే సగం కారణమని నా అభిప్రాయం.

యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు కేంద్రం 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చింది. నంబరులో ‘వీఏ’ అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో భారీ మార్పులు చేసి ఉండకూడదు. కింగ్‌పిన్ బుష్‌లు కొత్తవి వేయించుకున్నంత మాత్రాన బండి అసలు రూపం పోదు. కాబట్టి రుసుము కట్టేముందు ఒకసారి జాకీ వేయించి చూసుకోండి.