రన్నింగ్ అని రాసి ఉన్నంత మాత్రాన

మాదాపూర్‌లో రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. అమెరికా తూర్పు తీరంలో ఇప్పుడు మధ్యాహ్నం మూడు నలభై. అక్కడి బీమా కంపెనీలో క్లెయిముల విభాగం పనిలో తలమునకలై ఉండే వేళ. మీ చెవికి హెడ్‌సెట్, ముందు రెండు మానిటర్లు. బ్రిడ్జి కాల్‌లో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నారు. అర్థమైంది ఒక్కటే: సేవ్ నొక్కితే పేజీ అలా తిరుగుతూనే ఉంది.

వీపీఎన్ కలిపారు. టోకెన్‌లో అంకెలు మారేలోగా కొట్టారు. జంప్ సర్వర్‌లోకి వెళ్ళి, దాని లోపల బ్రౌజర్ తెరిచారు. అడ్రస్ చివర 7001, ఆ తర్వాత కన్సోల్: క్లెయిముల అప్లికేషన్ నడిచే వెబ్‌లాజిక్ సర్వర్లను చూసే పేజీ. ఇంత చుట్టు తిరగడం మీకు విసుగనిపించదు. వెబ్‌లాజిక్ కన్సోల్‌లో పాస్‌వర్డే లేకుండా సర్వర్ మొత్తాన్ని చేజిక్కించుకోగల లోపం ఒకటి ఉండేది. ఒరాకిల్ 2020 అక్టోబర్‌లో దానికి ప్యాచ్ ఇచ్చింది. తీవ్రత పదికి 9.8. ఆ రోజుల్లో కన్సోల్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేసినవాళ్ళు ఎంత కంగారుపడ్డారో మీకు తెలుసు.

పేజీ తెరుచుకుంది. ఎడమవైపు పైన చేంజ్ సెంటర్, కింద డొమైన్ చెట్టు. ఎన్విరాన్‌మెంట్ విప్పి, సర్వర్స్ మీద నొక్కారు. ఐదు వరసలు: ఒక అడ్మిన్ సర్వర్, నాలుగు మేనేజ్డ్ సర్వర్లు, అంటే నాలుగు నోడ్లు. స్టేట్ అన్న నిలువు వరసలో ఐదింటికీ రన్నింగ్. మీ పక్క కుర్చీలోని జూనియర్ కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు.

"అన్నీ పైనే ఉన్నాయన్నా."

మీ చూపు మాత్రం దాని పక్కనున్న హెల్త్ మీద ఉంది. మూడింటికి పచ్చ టిక్కుతో ఓకే. మూడో నోడ్, నాలుగో నోడ్‌లకు వార్నింగ్. రన్నింగ్ అంటే ప్రాసెస్ బతికి ఉంది, పనులు తీసుకుంటోంది అని మాత్రమే. తీసుకున్న పని ముగిస్తోందో లేదో ఆ మాట చెప్పదు. ఈ తేడా ఒంటికి పట్టినవాళ్ళే రాత్రిపూట ప్రొడక్షన్ దగ్గర కూర్చోవాలి.

నాలుగో నోడ్ పేరు మీద నొక్కి మానిటరింగ్‌లోకి, అక్కణ్ణించి థ్రెడ్స్‌లోకి వెళ్ళారు. పెండింగ్ రిక్వెస్టులు పెరుగుతున్నాయి. కింది పట్టికలో ఒక్కో థ్రెడ్ ఎదురుగా స్టక్ అన్న గడిలో ట్రూ, ట్రూ, ట్రూ. ఒకే రిక్వెస్టు మీద థ్రెడ్ 600 సెకన్లు దాటి ఉండిపోతే వెబ్‌లాజిక్ దాన్ని స్టక్ అంటుంది, మీరు ఆ సంఖ్య మార్చుకుంటే తప్ప. అంటే గొడవ ఇప్పటికి కనీసం పది నిమిషాల ముందే మొదలైంది.

"రీస్టార్ట్ కొట్టేద్దామా అన్నా? కాల్‌లో కూడా అదే అంటున్నారు."

మీ మౌస్ కంట్రోల్ ట్యాబ్ దాకా వెళ్ళింది. షట్‌డౌన్ కింద రెండు దారులున్నాయి: పని పూర్తయ్యాక ఆపడం, ఇప్పుడే బలవంతంగా ఆపడం. కాన్ఫిగరేషన్‌లో ఒక అంకె మార్చాలంటే లాక్ అండ్ ఎడిట్ నొక్కాలి, మార్చాలి, యాక్టివేట్ చేయాలి. నడుస్తున్న సర్వర్‌ను ఆపడానికి మాత్రం ఆ తాళం అక్కర్లేదు, ఒక ఎస్ చాలు. చిన్న మార్పుకు అన్ని అడ్డంకులు పెట్టి, అంత పెద్ద పనిని ఇంత తేలిక చేయడం నాకెప్పుడూ మింగుడుపడదు.

మొదటి దారి ఇక్కడ పనికిరాదు. థ్రెడ్లు కదలడం లేదు కాబట్టి పని పూర్తి కాదు. ఎంతసేపు ఆగాలో చెప్పే గడువు డిఫాల్ట్‌గా సున్నా, అంటే హద్దే లేదు. రెండో దారి పట్టారా, సగంలో ఉన్న లావాదేవీలు వెనక్కి పోతాయి. మెమరీలో ఉన్న సెషన్‌కు ఇంకో నోడ్‌లో నకలు లేకపోతే, అవతల ఒకావిడ అరగంటగా నింపుతున్న ఫారం కూడా పోతుంది. అన్నిటికీ మించి, ఎందుకు ఆగిందో చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది.

"ఆగు. ముందు డంప్ తీద్దాం."

డంప్ థ్రెడ్ స్టాక్స్ నొక్కారు. పది సెకన్లు ఆగి ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. ఒక్క ఫొటో చూసి మనిషి నడుస్తున్నాడో నిలబడ్డాడో చెప్పలేం కదా, అందుకే మూడు. మూడింటిలోనూ అవే థ్రెడ్లు, అవే లైన్లు. అడుగున క్లెయిమ్ అప్‌డేట్ చేసే మెథడ్, పైన జేడీబీసీ డ్రైవర్, అన్నిటికంటే పైన సాకెట్ రీడ్. మీ సర్వర్ అడగాల్సింది అడిగేసి, డేటాబేస్ జవాబు కోసం కూర్చుంది. మిగతా థ్రెడ్లు కనెక్షన్ కోసం వరసలో ఉన్నాయి.

డేటా సోర్స్ మానిటరింగ్ తెరిచారు. పూల్ గరిష్ఠ పరిమితి 50. వాడుకలో ఉన్నవి 50.

"వంద చేద్దామా?" కుర్రాడి చెయ్యి అప్పుడే లాక్ అండ్ ఎడిట్ వైపు చూపిస్తోంది. ఆలోచన తెలివితక్కువది కాదు. పూల్ పెంచడానికి రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. కానీ ఆగిపోయిన డేటాబేస్ తలుపు ముందు యాభై మంది ఉంటే, ఇంకో యాభై మందిని పంపడం సాయం కాదు.

మీరు కాల్ మ్యూట్ చేసి డీబీఏకు ఫోన్ కొట్టారు. ఆయన గచ్చిబౌలిలో ఇంట్లో ఉన్నారు, రెండో రింగుకే ఎత్తారు.

"సార్, మావన్నీ ఒకే అప్‌డేట్ మీద ఆగాయి. ఎవరో పట్టుకుని కూర్చున్నట్టుంది."

"ఒక్క నిమిషం అండీ." కీబోర్డు చప్పుడు. "ఉంది. చేత్తో నడిపిన అప్‌డేట్ ఒకటి. కమిట్ చెప్పకుండా విండో అలాగే వదిలేశారు. రోస్ అన్నీ లాక్‌లో ఉన్నాయి. చంపెయ్యనా?"

మీరు మ్యూట్ తీసి, ఆ విండో ఎవరిదో అడిగి, వాళ్ళ చేత సరే అనిపించారు. ఈ మూడు నిమిషాలు అనవసరం అనుకునేవాళ్ళున్నారు. నేననుకోను. అది ఎవరో చేసిన పని. దాన్ని చెరిపే ముందు వాళ్ళను అడగడం మర్యాద, భద్రత కూడా. ఇంతలో కన్సోల్ తెల్లబోయింది, అడ్మిన్ సర్వర్ స్పందించడం లేదు. కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. మీరు కంగారుపడలేదు. అడ్మిన్ సర్వర్ పడిపోయినా మేనేజ్డ్ సర్వర్లు తమ పని తాము చేసుకుంటాయి. మూసుకున్నది మీరు చూసే కిటికీ మాత్రమే. ఒకసారి రిఫ్రెష్ చేస్తే వచ్చేసింది.

డీబీఏ సెషన్‌ను తీసేశారు. లాగ్‌లో కొన్ని సెకన్లు ఏమీ లేదు. తర్వాత బీఈఏ 000339 సందేశాలు బిలబిలమంటూ వచ్చాయి: స్టక్ అయిన థ్రెడ్ విడుదలైంది, ఇంకొకటి, మరొకటి. మొదట నాలుగో నోడ్‌కు, వెనకే మూడో నోడ్‌కు పచ్చ టిక్కు. కాల్‌లో ఒక గొంతు "సేవ్ అయింది" అంది.

రీస్టార్ట్ కొట్టి ఉంటే రెండు నోడ్లూ తాజాగా లేచి, అదే లాక్ ముందు మళ్ళీ వరస కట్టేవి. పది నిమిషాల తర్వాత ఇదే కాల్ ఇంకోసారి జరిగేది.

మూడు డంపులనూ టికెట్‌కు జత చేశారు. డేటా సోర్స్ కాన్ఫిగరేషన్ మరోసారి తెరిచి కుర్రాడికి ఒక గడి చూపించారు. స్టేట్‌మెంట్ టైమౌట్: -1. అంటే ఎస్‌క్యూఎల్ ఎంతసేపు ఆగినా వెనక్కి రమ్మనేవాళ్ళు లేరు.

"ఇప్పుడే మార్చేద్దామా?" అన్నాడు.

"ఎంత పెట్టాలో డెవలపర్లు చెప్పాలి. నెలాఖరు రిపోర్టు క్వెరీలు ఎంతసేపు నడుస్తాయో వాళ్ళకే తెలుసు. చేంజ్ రిక్వెస్టు నువ్వే రాయి. లాక్ అండ్ ఎడిట్ శనివారం విండోలో నొక్కుదువుగాని, నేను పక్కనే ఉంటా."

అతను రాయడం మొదలుపెట్టాడు.