అంతర్జాలంలో ఉద్యోగాన్వేషణ: సరిహద్దు గ్రామాలవారు ముందుగా చూడవలసినవి

హోసూరు, బళ్లారి, రాయచూరు, సిరొంచ, పర్లాకిమిడి, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలకు నేడు ఉద్యోగ ప్రకటనల కొరత లేదు. సెల్‌ఫోన్ తెరిస్తే రోజుకు పది వచ్చి పడుతున్నాయి. వాటిలో మనకు అర్హత ఉన్నదేది, ఏ రాష్ట్రం కింద దరఖాస్తు చేయాలి, ఏ భాషలో పరీక్ష వ్రాయాలి అన్న సంగతులు తెలియకపోవడమే అసలు చిక్కు. రుసుము చెల్లించి, ఏడాదిపాటు చదివి, చివరకు ధ్రువపత్రాల పరిశీలనలో వెనుదిరిగిన పిల్లలు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. వయోపరిమితిలో పోయిన ఏడాది తిరిగి రాదు.

మొదట, చేతికి వచ్చిన వాట్సాప్ సందేశం ప్రకటన కాదని గుర్తించాలి. అది ప్రకటన గురించిన వదంతి మాత్రమే. ఆ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న పూర్తి నోటిఫికేషన్‌ను దించుకొని చదివిన తరువాతే రుసుము సంగతి ఆలోచించాలి. ప్రభుత్వ సైట్ల చిరునామాలు చాలావరకు ‘గవ్ డాట్ ఇన్’ లేదా ‘నిక్ డాట్ ఇన్’తో ముగుస్తాయి. బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ సైట్ వంటి కొన్ని ఇందుకు మినహాయింపు. చిరునామాలు మారుతుంటాయి కూడా. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో పాత సైటును విడిచి ‘ఎస్‌ఎస్‌సీ డాట్ గవ్ డాట్ ఇన్’కు మారింది, అందువల్ల పాత సైటులో పేరు నమోదు చేసుకున్నవారు సైతం మళ్లీ నమోదు చేసుకోవలసి వచ్చింది. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో అభ్యర్థులకు నమోదు ఉచితం.

నోటిఫికేషన్ చేతికి వచ్చాక అందరూ జీతం, ఖాళీల సంఖ్య చూస్తారు. మనవారు చూడవలసినది భాషా నిబంధన. కర్ణాటక రాష్ట్ర నియామకాలలో నిర్బంధ కన్నడ పరీక్ష ఉంటుంది. 150కి కనీసం 50 మార్కులు తెచ్చుకోవాలి. తమిళనాడు 2021 డిసెంబరు ఉత్తర్వుతో పోటీ పరీక్షలలో తమిళ అర్హతా పత్రాన్ని తప్పనిసరి చేసింది. అందులో 40 శాతం రాకపోతే తక్కిన జవాబులను లెక్కలోకే తీసుకోరు. ఒడిశాలో ఏడవ తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత అడుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాత్రమే చదివిన పిల్లవానికి ఈ ఒక్క వాక్యం వద్దనే దారి మూసుకుపోతుంది. పదవ తరగతిలో రాష్ట్ర భాషను వదిలి మరొకటి తీసుకునే ముందు తల్లిదండ్రులు ఈ సంగతి తలచుకోవడం మంచిది.

దీనికి మరొక వైపు కూడా ఉన్నది. రెండు భాషలు చదివినవారికి రెండు తలుపులు తెరచి ఉంటాయి. తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్ నియామకాలే ఇందుకు చక్కని ఉదాహరణ. వయసు 18 నుండి 40 ఏళ్లు. వ్రాత పరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే ఆధారం. దరఖాస్తు చేసే తపాలా సర్కిల్ యొక్క స్థానిక భాషను కనీసం పదవ తరగతి వరకు చదివి ఉండాలి. బళ్లారి జిల్లాలో తెలుగు, కన్నడం రెండింటినీ పది వరకు చదివిన అమ్మాయి కర్ణాటక సర్కిల్‌ను ఎంచుకోవచ్చు, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌నూ ఎంచుకోవచ్చు. అయితే ఒక విడతలో ఒక్క డివిజన్‌కే దరఖాస్తు చేయాలి. కనుక గత విడతలో ఏ డివిజన్‌లో ఎన్ని మార్కుల వద్ద ఎంపిక ఆగిందో అదే సైటులోని జాబితాలలో చూసి నిర్ణయించుకోవాలి. ఆ జాబితాలను తెరిచి చూసే అభ్యర్థులు బహు స్వల్పం.

కేంద్ర పరీక్షలలో భాష ఇప్పుడు అంత అడ్డంకి కాదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024 జనవరి 1 నుండి హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా సహా 13 ప్రాంతీయ భాషలలో వ్రాయవచ్చు. ఈ పరీక్ష దరఖాస్తులో ‘సరిహద్దు జిల్లా’ అన్న గడి ఒకటి కనిపిస్తుంది. మనం సరిహద్దువాళ్లమే కదా అని దానిలో గుర్తు పెట్టరాదు. అక్కడ సరిహద్దు అంటే దేశ సరిహద్దు. ఆ జిల్లాల జాబితా నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.

స్థానికత మరొక ముడి. రాజ్యాంగం 371జె అధికరణం ప్రకారం బీదర్, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్లారి, విజయనగర జిల్లాలవారికి కర్ణాటక నియామకాలలో ప్రత్యేక కోటా ఉన్నది. ఇందుకు అసిస్టెంట్ కమిషనర్ ఇచ్చే అర్హతా పత్రం కావాలి; ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రసక్తి లేదు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకు. 1 నుండి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే అక్కడ కొలబద్ద. చిన్నతనంలో అమ్మమ్మగారి ఊరిలో ఉండి చదివిన పిల్లల స్టడీ సర్టిఫికెట్లను పారవేయక దాచుకోవాలి.

కులం గడిలో జరిగే పొరపాటు మరీ ఖరీదైనది. ఒకే కులం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క జాబితాలో ఉంటుంది. లంబాడీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతులలో ఉన్నారు. అవతలి ఊరి బంధువు దరఖాస్తును చూసి నింపితే ధ్రువపత్రాల పరిశీలనలో నిలబడదు. మీ కుటుంబం ఏ రాష్ట్రానికి చెందినదో ఆ రాష్ట్రపు పత్రమే చెల్లుతుంది.

పేర్ల గొడవ మన ప్రాంతానికి ప్రత్యేకం. తెలుగునాట ఇంటిపేరు ముందు వస్తుంది. మహారాష్ట్రలో చివర వస్తుంది, నడుమ తండ్రి పేరు చేరుతుంది. తమిళనాట ఇంటిపేరే ఉండదు, తండ్రి పేరు మొదటి అక్షరం మాత్రమే. అందువల్ల ఒకే మనిషి ఆధార్‌లో ఒకరు, మార్కుల పత్రంలో మరొకరు అవుతున్నాడు. పదవ తరగతి పత్రంలోని పేరునే ప్రమాణంగా తీసుకొని తక్కినవాటిని ముందే సరిచేయించుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే గడువు దాటిపోతుంది.

గ్రామ ఒన్ అయినా, ఇ-సేవై అయినా, మీసేవ అయినా, ఊరి ఇంటర్నెట్ కేంద్రమైనా, దరఖాస్తు నింపించుకునేటప్పుడు మీ ఫోన్ నంబరు, మీ ఇ-మెయిల్ మాత్రమే ఇవ్వండి. తొందరలో కేంద్రం నడిపేవారు తమ నంబరు వేసేస్తారు. ఈ వ్యాసకర్త ఎరిగిన ఒక కుర్రవాడి విషయంలో ఇదే జరిగింది. హాల్‌టికెట్ వచ్చిన సందేశం దుకాణదారుని ఫోన్‌కు చేరింది. ఆయన ఆ వారం పెళ్లికి వెళ్లి ఉన్నాడు.

ప్రైవేటు ఉద్యోగాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నౌకరీ, లింక్డ్‌ఇన్ వంటి సైట్లలో బయోడేటా పెట్టేటప్పుడు మన పిల్లలు భాషల వరుసలో ‘తెలుగు, ఇంగ్లీషు’ అని వ్రాసి ఊరుకుంటారు. కన్నడమో, తమిళమో, మరాఠీయో మాట్లాడగలమని, చదవగలమని, వ్రాయగలమని విడివిడిగా వ్రాయాలి. వినియోగదారులతో మాట్లాడే ఉద్యోగాలకు బెంగుళూరు, చెన్నై సంస్థలు వెతికేది ఆ వరుసలోనే.

ఇక డబ్బు అడిగే ఉద్యోగాలు. ‘రిజిస్ట్రేషన్’, ‘శిక్షణ’, ‘ల్యాప్‌టాప్ డిపాజిట్’ ఏ పేరుతోనైనా సరే, ఉద్యోగమిచ్చేవాడు ముందుగా డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపాలి. ప్రభుత్వ పరీక్ష రుసుము ఆ శాఖ సైటులోనే చెల్లిస్తాము, ఎవరి ఫోన్‌పే నంబరుకూ కాదు. గల్ఫ్ ప్రయాణానికి ఏజెంటు లైసెన్సును ‘ఇ-మైగ్రేట్’ సైటులో సరిచూడాలి. లైసెన్సు గల ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము జీఎస్టీ గాక 30,000 రూపాయలకు మించరాదు. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగమని నమ్మించి యువకులను మయన్మార్‌కు తరలించి, సైబర్ మోసాలు చేయించే ముఠాలపై విదేశాంగ శాఖ 2022లోనే హెచ్చరిక జారీ చేసింది. కంబోడియాలో ఇటువంటి చెరలో చిక్కినవారిలో తెలుగువారూ ఉన్నారు. విజిట్ వీసాపై ఉద్యోగానికి పిలిస్తే వెళ్లరాదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఆ సొమ్ము ఇంకా మరొక ఖాతాలో ఉండగానే దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెట్టిన పిల్లల విషయంలో ఆ అవకాశం చేయిదాటిపోతున్నది.