వేటవింటికి తగిన బిగువు

విల్లు అనగానే మన మనస్సులో ముందుగా మెదలేది శివధనుస్సు. దానిని ఎక్కుపెట్టగలవాడే వీరుడు. మన ఇతిహాసాలలో విల్లు బలపరీక్షకు సాధనం. కాని కడుపు నింపుకొనడానికి అడవికి వెళ్ళే వేటగానికి ఈ కొలబద్ద పనికివస్తుందా? నారిని పూర్తిగా లాగి పట్టడానికి కావలసిన బలాన్ని పౌనులలో కొలుస్తారు. దానినే వింటి బిగువు అందాము.

యుద్ధానికి వాడిన విండ్ల కథ వేరు. ఇంగ్లండు దక్షిణ తీరాన 1545లో మునిగి, 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ అనే నౌకకు చెందిన విండ్లు నూటికి పైగా లభించాయి. వాటి బిగువు సుమారు 100 నుండి 185 పౌనుల వరకు ఉండేదని అంచనా. దూరాన ఉన్న శత్రుసేనపై బాణవర్షం కురిపించడానికి అంత బలం కావలసివచ్చింది. చిన్ననాటి నుండి సాధన చేసినవారే వాటిని లాగగలిగేవారు.

వేటవింటిని గురించి మనకు చక్కని సాక్ష్యం ఇచ్చినవాడు ఇషీ. ఉత్తర కాలిఫోర్నియాలోని యాహీ జాతివారిని పందొమ్మిదవ శతాబ్దంలో తెల్లవలసదారులు ఊచకోత కోశారు. మిగిలిన కొద్దిమంది కొండలోయలలో దశాబ్దాల పాటు దాగి బ్రతికారు. తుపాకి మ్రోత ఉనికిని చాటుతుంది. విల్లు చప్పుడు చేయదు. వారిలో కడపటివాడు 1911 ఆగస్టులో ఆరొవిల్ పట్టణం వద్ద ఒంటరిగా బయటపడ్డాడు. తన పేరు ఎవరికీ చెప్పలేదు. ‘ఇషీ’ అంటే వారి భాషలో మనిషి అని మాత్రమే అర్థం.

శాన్ ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో నివసించిన ఇషీ వద్ద శస్త్రవైద్యుడు శాక్స్‌టన్ పోప్ ధనుర్విద్య నేర్చుకున్నాడు. ఇషీ వింటి బిగువు 45 పౌనుల ప్రాంతం. దానితోనే అతడు లేడిని కొట్టగలడు. దూరపు గురిపందెములలో అతడు మేటి కాడు. అతని నేర్పంతా మృగాన్ని సమీపించడంలోనే ఉన్నది. వేటకు ముందు స్నానం చేసేవాడు, ఒంటికి వాసన లేకుండా చూసుకొనేవాడు, కుందేటి కూతను అనుకరించి దానిని దగ్గరకు రప్పించేవాడు.

ఇంత తక్కువ బిగువు ఎట్లా చాలింది? బాణం తుపాకిగుండు వలె తాకిడితో చంపదు. వాడి ములికితో కోసి, నెత్తురు కార్చి చంపుతుంది. పొదచాటున గొంతుకూర్చుని, మెల్లగా నారి లాగి, మృగం ప్రక్కకు తిరిగేదాకా చేయి వణకకుండా నిలపాలి. శక్తికి మించిన విల్లు పట్టినవాడు తొందరపడి బాణం వదులుతాడు. గాయపడిన మృగం ఎక్కడో పడి వ్యర్థంగా చస్తుంది.

ఎక్కుపెట్టి ఉంచిన విల్లు అలసిపోతుందని ఇషీ నమ్మేవాడు. పని తీరగానే నారి సడలించేవాడు. 1916లో క్షయవ్యాధితో అతడు మరణించాడు. అతని వద్ద నేర్చినదానిని పోప్ గ్రంథస్థం చేశాడు. ఒక జాతినే తుడిచిపెట్టిన సమాజం, ఆ జాతి తుదిమనిషి వద్ద కూర్చుని విల్లు పట్టడం నేర్చుకున్నది. బలాన్ని చాటడానికి కాక, జీవించడానికి విల్లు పట్టినవాని పాఠం అది.