లెక్కకెక్కని పరుగు: జ్యోతి యర్రాజి, విశ్వవిద్యాలయ క్రీడల చరిత్ర

ఒక సంఘటన జరగడం వేరు, అది నమోదు కావడం వేరు. ఈ తేడా చరిత్ర విద్యార్థికి శాసనాల దగ్గరే కాదు, పరుగు పందెం దగ్గర కూడా ఎదురవుతుంది.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున బరిలోకి దిగిన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తిచేసింది. ఒడిశా క్రీడాకారిణి అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్లే అప్పటికి జాతీయ రికార్డు. దాన్ని జ్యోతి సెకనులో మూడో వంతుకు పైగా మెరుగుపరిచింది. అయినా రికార్డు మారలేదు. ఆ పోటీలో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు. జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా అక్కడ లేడు. అంటే పరుగులో లోపం లేదు, దాన్ని ధ్రువీకరించే ఏర్పాటులో లోపం ఉంది. పరీక్ష చేయించుకోవడం ఆమె చేతిలోని పని కాదన్నది ఇక్కడ గమనించాలి.

జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసేది. ఇటువంటి కుటుంబం నుంచి వచ్చిన క్రీడాకారిణికి రికార్డు గౌరవం మాత్రమే కాదు. శిక్షణ శిబిరం, ఉద్యోగం, విదేశీ పోటీలకు పిలుపు వంటివి చాలావరకు ఆ కాగితం మీదే ఆధారపడతాయి.

రెండేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో ఆమె మళ్లీ పాత రికార్డు కంటే వేగంగా పరుగెత్తింది. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనుక నుంచి వీచే గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు దాటితే ఆ సమయాన్ని రికార్డుగా తీసుకోరు. ఆ రోజు అది 2.1. చివరకు 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో ఇరవై ఏళ్ల నాటి రికార్డు అధికారికంగా చెరిగిపోయింది. విచిత్రమేమంటే, ఈ రికార్డు మూడబిద్రి పరుగు కంటే నెమ్మదైనది! అధికారిక పట్టికలను మాత్రమే నమ్మి చరిత్ర రాసేవారు ఆమె 2022లోనే ఆ స్థాయికి చేరిందని తేల్చేస్తారు.

ఆ తర్వాత వేగం పెరిగింది. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82 సెకన్లు నమోదు చేసి, 13 సెకన్లలోపు అధికారికంగా పరుగెత్తిన తొలి భారతీయ మహిళ అయింది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకన్లతో కాంస్యం గెలిచింది. విశ్వవిద్యాలయ పోటీలో పోయిన రికార్డు ఈసారి విశ్వవిద్యాలయ పోటీలోనే చేతికొచ్చింది. తర్వాత హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం దక్కింది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నుంచే ఉన్నా, ఆ అంశంలో ఒక భారతీయురాలు ఒలింపిక్స్‌లో పాల్గొన్నది 2024లో పారిస్‌లోనే. ఆమె జ్యోతి.

నెల్లూరు, కావలి ప్రాంతాల విద్యార్థులు తమ కళాశాలల పాత క్రీడాకారిణుల గురించి వెతికితే మరో రకం చిక్కు ఎదురవుతుంది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకు ముందు ఈ జిల్లా కళాశాలలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. కాబట్టి 1980లలో నెల్లూరు నుంచి బాస్కెట్‌బాల్ ఆడిన ఒక అమ్మాయి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై ఉంటే, ఆమె ఏ ఊరిదో చెప్పకుండా తిరుపతి జట్టు సభ్యురాలిగానే జాబితాలో కనిపించవచ్చు. అప్పుడు కళాశాల వార్షిక సంచికలు, వ్యాయామ విద్య విభాగం రిజిస్టర్లు, ఇంట్లో దాచిన సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటోల వెనుక రాసిన పేర్లు వెతకాలి. ఫోటో వెనుక తేదీ లేకపోతే, అందులో ఉన్నవారిలో ఒకరినైనా కలిసి అడిగి రాసుకోవాలి.